పురిటికి ఇన్‌వర్డ్ నంబరు

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. ఇంట్లో బిడ్డ పుడితే తండ్రికి పురుడు పడుతుంది. పది రోజులు అతను గుడి గడప తొక్కకూడదు, స్వామి సొత్తు ముట్టుకోకూడదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. నా సందేహం అది కాదు. ఆ పురుడు బిడ్డ పుట్టినప్పుడు మొదలవుతుందా, తండ్రికి తెలిసినప్పుడు మొదలవుతుందా?

ఎందుకంటే, మా అమ్మాయి పుట్టిన ఉదయం నేను గుళ్లో హారతి పళ్లెం పట్టుకుని ఉన్నాను. మాది స్వామివారి పరిచారకుల కుటుంబం. అక్కడ ఆసుపత్రిలో పిల్ల పుట్టేసింది. కబురు ఇంకా నా దాకా రాలేదు. నేను వరసగా భక్తులకు హారతి చూపిస్తున్నాను, వాళ్లు కళ్లకద్దుకుంటున్నారు. మడపల్లిలో, అంటే స్వామివారి వంటశాలలో, వంట చేసే వేంగళాచారి గారు విసవిసా వచ్చి నా చేతిలోంచి పళ్లెం తీసుకున్నారు. "ఒరే గోవర్ధనం, నీకు కూతురు. నడు బయటికి" అన్నారు. ఆ పూట మిగిలిన నా పనంతా ఆయనే చేశారు.

మరి అంతకుముందు కళ్లకద్దుకున్నవాళ్ల సంగతి? ఆ హారతి స్వామికి చెందిందా, చెందలేదా? ఒకసారి మా ఆవిడ మహాలక్ష్మిని అడిగాను. "నేనక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని పడుంటే మీకు పళ్లెం బెంగేంటండీ" అంది. మళ్లీ అడగలేదు.

వేంగళాచారి గారు మాత్రం ఎక్కడ కనపడినా "నాకో పూట బాకీ ఉన్నావు, గుర్తుందా" అనేవారు. తీర్చేద్దామని నేను ఎన్నిసార్లు మడపల్లి గుమ్మం దగ్గరికి వెళ్లినా "నువ్వు పొంగలి కలిపితే స్వామి లేచి వెళ్లిపోతాడు, తర్వాత చూద్దాంలే" అని పంపేసేవారు. ఆ తర్వాత ఆయన కాలం చేశారు. పూట అలాగే ఉండిపోయింది.

నేను పదో తరగతి పాసయ్యాను కాబట్టి కొన్నాళ్లకు నన్ను దేవస్థానం ఆఫీసులో తపాలు గుమాస్తాను చేశారు. వచ్చిన కాగితం మీద ఇన్‌వర్డ్ ముద్ర కొట్టి నంబరు వేయడం నా పని. ముద్ర పడని కాగితం మా ఆఫీసుకు రానట్టే లెక్క, అది బల్ల మీద కళ్లెదుట ఉన్నా సరే.

నేనలా ముద్రలు కొడుతూ చాలా ఏళ్లు గడిచాక మా గోదావరి ఒడ్డు గుడికి కార్యనిర్వహణాధికారిగా దయానిధి గారు వచ్చారు. అందరం ఈవో గారు అంటాం. మంచివారు. చెప్పులు కూడా స్వయంగా విప్పుకునేవారు. వచ్చిన నెలలోనే ఆయనను ప్రణాళిక మీద శిక్షణకు పంపించారు. ఒక తోలు సంచీ, ఒక పెట్టెడు రంగురంగుల గుండుసూదులు పట్టుకుని తిరిగొచ్చి, సిబ్బందిని సమావేశపరిచారు.

"సంస్థలు ఎందుకు విఫలమవుతున్నాయి? ఊహించని సంఘటనల వల్ల. ఊహించని సంఘటనలు ఎందుకు జరుగుతున్నాయి? వాటికి ముందస్తు అనుమతి లేకపోవడం వల్ల. ఇకమీదట మన దేవస్థానంలో అనుమతి లేని సంఘటన ఏదీ జరగదు" అన్నారు.

వెనక వరసలో డోలు వాయించే సత్తెయ్య గారు నా చెవి దగ్గర "కోతులకి కూడా చెప్పారంటావా" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

బిడ్డ పుడితే తండ్రికి కూడా పదిహేను రోజులు సెలవు ఇవ్వాలని అప్పటికే ఉత్తర్వులు ఉన్నాయి. అయితే ఎవరికి ఎప్పుడు పుడతారో ముందుగా తెలియడం లేదు. ఈ అరాచకం ఈవో గారిని బాధించింది. తన గదిలో గోడ పొడుగునా ఒక పట్టిక వేయించారు. దాని పేరు జనన ప్రణాళికా పట్టిక. రాబోయే సంవత్సరంలో ఎవరింట్లో ఏ తేదీన జననం ఉండబోతోందో సిబ్బంది అంతా వారంలోగా తెలియజేయాలి. లేనివాళ్లు లేదని రాసివ్వాలి. ఒకే విభాగంలో ఒకే పక్షంలో రెండు జననాలు ఉండరాదు. స్వామివారి కల్యాణోత్సవాలు జరిగే అయిదు రోజులకు ఎర్ర గుండుసూదులు గుచ్చారు. ఆ రోజుల్లో జననాలకు అనుమతి లేదు.

సత్తెయ్య గారు లేదని రాసిచ్చారు. ఆయనకు మనవలున్నారు. వారం తిరక్కుండా ఆయనకొక మెమో వెళ్లింది. గత సంవత్సరాల్లోనూ ఆయన విభాగం నుంచి జననాలేవీ నమోదు కాలేదనీ, ఈ స్తబ్ధతకు కారణాలు వివరించాలనీ అందులో ఉంది. సత్తెయ్య గారు దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్యకు చదివి వినిపించారు. ఆవిడ రెండు రోజులు నవ్వి, మూడో రోజు మాట్లాడటం మానేసిందట.

టికెట్ల కౌంటర్లో కూర్చునే గనిరాజుకు ఇంకా పెళ్లి కాలేదు. వైశాఖంలో ఖాళీలు త్వరగా అయిపోతున్నాయని ఎవరో అనగా విని, ఎందుకైనా మంచిదని వైశాఖ పౌర్ణమికి దరఖాస్తు పెట్టుకున్నాడు. మంజూరైంది. మంజూరైన జననాన్ని సకాలంలో వినియోగించుకోకపోతే క్రమశిక్షణా చర్య ఉంటుందని కూడా రాశారు. వాళ్లమ్మ ఆ కాగితాన్ని సంబంధాలు చూసేచోటల్లా చూపించింది.

"ఏమైంది గనిరాజూ?" అని అడిగాను.

"రెండు సంబంధాలు తప్పిపోయాయండి బాబాయ్. పిల్లనిస్తాం గానీ తేదీ మా వల్ల కాదన్నారండి."

ఇంత వరకూ ఎవరికీ పెద్ద నష్టం లేదు. ఇబ్బందంతా సౌమ్యనారాయణకు వచ్చింది.

సౌమ్యం వేంగళాచారి గారి కొడుకు. తండ్రి తర్వాత మడపల్లిలో వంట అతనే చేస్తున్నాడు. నన్ను బాబాయ్ గారూ అని పిలుస్తాడు. భార్య వకుళకు తల్లి లేదు, ఇతనికీ తల్లి లేదు. కిందటేడు వకుళకు ఆరో నెలలో కడుపు పోయింది. ఆ రోజు సౌమ్యం మడపల్లిలో పులిహోర కలుపుతున్నాడు. పని పాడవుతుందని సాయంత్రం దాకా ఎవరూ అతనికి చెప్పలేదు. అందుకని ఈసారి కాన్పు గది తలుపు దగ్గరే కూర్చుంటానని వకుళకు మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి అతనికి కావలసింది సెలవు.

డాక్టరమ్మ కాగితం మీద "కల్యాణోత్సవాలు అయ్యాక వచ్చే సోమవారం, సుమారు" అని రాసిచ్చింది. ఫైలు తిరిగొచ్చింది. సుమారు అనే పదం కార్యాలయ వ్యవహారాల్లో అంగీకారయోగ్యం కాదని ఈవో గారు పచ్చసిరాతో రాశారు. సౌమ్యం మళ్లీ ఆసుపత్రికి వెళ్లి వచ్చాడు.

"ఏమందిరా డాక్టరమ్మ?"

"నవ్విందండి బాబాయ్ గారూ. 'బిడ్డ నా కింద పనిచెయ్యడం లేదయ్యా, మీ ఈవో గారినే వచ్చి లోపలివాళ్లతో మాట్లాడుకోమను' అందండి."

అతను అదే మాట వెళ్లి ఈవో గారికి చెప్పాడు. ఈవో గారు నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "సహేతుకమైన సూచన. సంబంధిత శిశువు అంగీకారం తండ్రి ద్వారా సమర్పించవచ్చు" అన్నారు. సౌమ్యం రెండు సంతకాలు పెట్టాడు, ఒకటి తన తరఫున, ఒకటి లోపలివారి తరఫున. ఈవో గారు సోమవారం గడిలో ఆకుపచ్చ గుండుసూది గుచ్చారు.

"ఒకవేళ ముందే వస్తేనండీ?" అన్నాడు సౌమ్యం.

"ముందే వస్తే అది మన పట్టికలోని బిడ్డ కాదు" అన్నారు ఈవో గారు.

సౌమ్యం నా బల్ల దగ్గరికొచ్చి, "మరి ఎవరి బిడ్డండీ బాబాయ్ గారూ?" అని అడిగాడు. ఊరుకోమన్నాను.

ఉత్సవాలు దగ్గరపడుతుండగా మా సూపరింటెండెంట్ భుజంగరావు గారు ఒక చిక్కు ఎత్తిచూపారు. కల్యాణం రోజున స్వామికి పెట్టే చక్కెర పొంగలికి పొయ్యి రాజేసి, బియ్యం పొయ్యాల్సింది వేంగళాచారి గారి ఇంటి చెయ్యి. అది ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. బిడ్డ తొందరపడి ఉత్సవాల్లో పుడితే సౌమ్యానికి పురుడు పడుతుంది, గుళ్లోకి రాకూడదు. అప్పుడు పొంగలి ఎలా? ఈవో గారు ప్రధానార్చకులు పరాంకుశం గారిని పిలిపించారు. నేను సంతకాల ఫైలు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

"పురుడు ఏ క్షణం నుంచి అమల్లోకి వస్తుందండి?" అని అడిగారు ఈవో గారు.

ఇన్నేళ్లు నేను పరాంకుశం గారిని అడగలేకపోయిన ప్రశ్న.

"కబురు విన్నప్పటి నుంచండి. తండ్రికి తెలియనంతసేపూ దోషం లేదు. పూర్వం పొరుగూళ్లో ఉన్నవాడికి మనిషి వెళ్లి చెప్పాలి కదండి, అప్పటిదాకా వాడు సంధ్యావందనం చేసుకుంటూనే ఉంటాడు" అన్నారు పరాంకుశం గారు.

నా సందేహంలో సగం తీరింది. నాకు దోషం లేదు. కానీ మిగతా సగం అలాగే ఉంది. నాకు తెలియదు సరే, తెలిసినవాళ్లు ఉన్నారు కదా.

ఈవో గారి ముఖం మాత్రం పూర్తిగా వెలిగిపోయింది. "అంటే ఇది ఆచార సమస్య కాదు. సమాచార నిర్వహణ సమస్య" అన్నారు.

"అయ్యా, అది తెలియక జరిగినదానికండి. తెలిసీ చెప్పకుండా దాచిపెడితేనూ..."

"దాచడం కాదు స్వామీ. దశలవారీగా వెల్లడించడం."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. సిబ్బందికి సంబంధించిన జనన సమాచారం తపాలు విభాగం ద్వారా మాత్రమే రావాలి. ఇన్‌వర్డ్ నంబరు పడేవరకు అది వదంతిగా పరిగణించబడుతుంది. నోటి మాటగా తెచ్చిన కబురు స్వీకరించబడదు, సిబ్బంది దాన్ని వినరాదు. చివర, ఇన్‌వర్డ్ అయిన తపాలును సంబంధిత వ్యక్తికి ఆలస్యం లేకుండా చేర్చాలి. ఆ ఆఖరి వాక్యం భుజంగరావు గారు రాసే ప్రతి ఉత్తర్వులోనూ ఉంటుంది. మైదా పిండి ఉడికించి, ఆ కాగితాన్ని నా బల్లకు ఎదురుగా నేనే అంటించాను.

ఉత్సవాలు మొదలయ్యాయి. ఆ అయిదు రోజులూ వంటస్వామి మడి విడవకుండా మడపల్లిలోనే ఉండాలి. లోపలికి వెళ్లేముందు సౌమ్యం తడి పంచెతో నా కిటికీ దగ్గరికొచ్చి దూరంగా నిలబడ్డాడు.

"బాబాయ్ గారూ, వకుళ నడుంనొప్పి అంటోందండి. పిన్నిగారిని అప్పుడప్పుడూ చూస్తుండమనండి. పోయినసారి నాకెవరూ చెప్పలేదు. ఈసారి మీరు చెప్తారు కదండీ?"

"చెప్తానురా" అన్నాను.

అన్నానే గానీ, నా ఎదురుగా గోడ మీద ఉత్తర్వు ఉంది.

ఈవో గారు ఏర్పాట్లన్నీ ముందే చేశారు. మడపల్లి గుమ్మంలో వదంతులు రాకుండా గనిరాజును కాపలా పెట్టారు. ఇంకో సమస్య ఉంది. ప్రసూతి ఆసుపత్రి గుడికి దక్షిణపు గోడ అవతలే. మడపల్లి పొగ కిటికీ అటువైపే తెరుచుకుంటుంది. పసిపిల్ల ఏడుపు వినిపిస్తే అది అనధికార సమాచారం అవుతుంది. అందువల్ల సత్తెయ్య గారు ఆ గోడ దగ్గర నిలబడి, ఏడుపు వినిపించినప్పుడల్లా డోలు వాయించాలి. ఆసుపత్రి నిండా కాన్పులే. రెండు రోజులకే ఆయన చేతులు వాచిపోయాయి.

"అనుమతి లేకుండా ఇంతమంది పుడుతున్నారని నాకిన్నాళ్లూ తెలీదయ్యా గోవర్ధనం" అన్నారు వేళ్లకు నూనె రాసుకుంటూ. భక్తులు మాత్రం ఈ ఏడు మేళం జోరుగా ఉందని మెచ్చుకున్నారు.

కల్యాణం రోజు వచ్చింది. మండపం నిండా జనం. నైవేద్యానికి ఇంకా గంటన్నర ఉందనగా నా కిటికీలో మహాలక్ష్మి ముఖం కనిపించింది. జుట్టు రేగిపోయి ఉంది. తెల్లవారుజాము నుంచి ఆసుపత్రిలోనే ఉంది.

"ఏమండీ, ఆడపిల్ల" అంది.

కళ్లు మూసుకుని స్వామిని తలుచుకున్నాను. ఆ తర్వాత ఉత్తర్వు గుర్తొచ్చింది.

"నోటి మాటగా తీసుకోకూడదే" అన్నాను.

"ఏం తీసుకోకూడదు?"

"కబురు. కాగితం మీద రాసివ్వాలి."

విరిగిన పాలను చూసినట్టు చూసింది నన్ను. "పురిటి మంచం మీద ఆ పిల్ల, ఆయనేరీ పిన్నిగారూ, ఆయనేరీ అని నా చెయ్యి వదలట్లేదండీ. ఇంకా బిడ్డ ముఖమన్నా సరిగా చూడలేదు. పోయినసారిలాగే ఏదో దాస్తున్నారని దాని భయం. మొగుడొస్తే గానీ బిడ్డ బాగుందంటే నమ్మేలా లేదు. మీకేమో కాగితం కావాలా?"

"ఉంటే మంచిది."

కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా బల్ల మీదున్న కాగితం లాక్కుని, గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా కులాసా. వెంటనే రమ్మను.

"సంతకం కూడా కావాలా?" అంది.

"ఉంటే మంచిది."

సంతకం పెట్టింది. అప్పటికే వెనక నుంచి భుజంగరావు గారు వచ్చి నా భుజం మీదుగా చూస్తున్నారు.

"గోవర్ధనం గారూ, దాని మీద ముద్ర వేయకండి. నైవేద్యం అయ్యాక వేద్దురు గాని. అప్పటిదాకా అది రాలేదు."

"వచ్చింది కదండి."

"కనిపిస్తోంది. రాలేదు."

నేను కాగితం వైపు చూశాను. రాకుండా బల్ల మీదే ఉంది. ముద్ర చేతిలోనే ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆఫీసు వద్దన్న కాగితం మీద నేను ముద్ర వేయలేదు.

మహాలక్ష్మి ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉంది. గొంతు పెంచకుండా అడిగింది. "మన పిల్ల పుట్టినప్పుడు ఆ వేంగళాచారి గారు నంబరు పడేదాకా ఆగారా?"

అంత చిన్న ముద్రకు అంత చప్పుడు వస్తుందని నాకు తెలియదు.

"ఏంటది?" అన్నారు భుజంగరావు గారు.

"ముద్రండి."

"ఎందుకు వేశారు?"

"వచ్చింది కదండి. ఇన్‌వర్డ్ అయింది. ఇప్పుడు ఆలస్యం లేకుండా చేర్చాలి. ఉత్తర్వులో ఆఖరి వాక్యం."

"అది నేను అన్నిట్లోనూ రాస్తానండి. దానికి అర్థమేం లేదు."

ఆయన ఈవో గారి కోసం మండపం వైపు పరుగెత్తారు. నేను కాగితం బల్ల మీదే ఉంచి, కుళాయి దగ్గరికెళ్లి, చొక్కా విప్పి, నాలుగు చెంబులు నెత్తిన గుమ్మరించుకుని, తడి పంచెతో మడపల్లి వైపు నడిచాను. సగం దూరం వెళ్లాక ఒక సంగతి తట్టింది. మడిలో ఉన్నవాడు ఆ సిరా కాగితం ముట్టుకోకూడదు, మడపల్లిలోకి దాన్ని తీసుకెళ్లకూడదు. కాగితం లేకపోతే కబురు నోటి మాట అవుతుంది. నోటి మాటను గుమ్మం దాటనివ్వరు. మా దేవస్థానంలో ఒక తండ్రికి కూతురు పుట్టిందని చెప్పే దారే లేదు.

గుమ్మంలో గనిరాజు లేచి నిలబడ్డాడు.

"కబురు తెచ్చారా బాబాయ్?"

"తెచ్చాను."

"నోటి మాటైతే కుదరదండి."

"నోటి మాట కాదు. నంబరుంది. మూడు వందల పదకొండు."

"మరి కాగితమేదండి?"

"మడి కట్టుకుని కాగితం పట్టుకుంటాననుకున్నావా?"

గనిరాజు గోడకేసి చూస్తూ ఆలోచించాడు. అతనిది వైశాఖ పౌర్ణమి. ఇంకా పిల్ల కూడా దొరకలేదు. "నంబరు ఉందన్నారు కాబట్టి ఉన్నట్టేనండి" అని పక్కకు జరిగాడు. "ఇంతకీ ఏం పిల్లండి?"

"నువ్వు వినకూడదు. సిబ్బందివి."

లోపల పొగ. పెద్ద ఇత్తడి గంగాళంలో బియ్యం, పెసరపప్పు ఉడికి, బెల్లం పాకం పడి, పొంగలి కుతకుతమంటోంది. సౌమ్యం రెండు చేతులతో తెడ్డు తిప్పుతున్నాడు. అవతల గోడ దగ్గర సత్తెయ్య గారి డోలు ఆగకుండా మోగుతోంది.

"ఇన్‌వర్డ్ నంబరు మూడు వందల పదకొండు" అని అరిచాను.

"ఏంటండీ?"

"మూడు వందల పదకొండు. నీకు కూతురు. ఇద్దరూ బాగున్నారు."

అతను తెడ్డు ఆపలేదు. తిప్పుతూనే ఉన్నాడు. చేతులకు ఇంకా కబురు అందనట్టుంది. "బాగున్నారా? నిజంగా బాగున్నారా? నా కోసం చెప్పట్లేదు కదా?"

"మీ పిన్ని సంతకం కూడా ఉంది."

అప్పుడు ఆగాడు. కళ్లనిండా నీళ్లు. పొగ వల్లేమో అనుకున్నాను. పొంగలి వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూశాడు. "ఇది వదిలేస్తే అడుగంటిపోతుందండి. ఇక ముట్టుకుందామంటే పురుడు."

నేను తెడ్డు అందుకున్నాను. "ఒరే, నడు బయటికి" అన్నాను. అనగానే ఆ మాట నాది కాదని తెలిసింది.

అతను వెళ్లిన కాసేపటికి గుమ్మం బయట ఈవో గారు, భుజంగరావు గారు, పరాంకుశం గారు వచ్చి నిలబడ్డారు. మడి లేదు కాబట్టి ఈవో గారు గడప దాటలేరు. అక్కడి నుంచే విచారణ ప్రారంభించారు.

"సౌమ్యనారాయణకు సెలవు మంజూరు కాలేదు. మంజూరు కాని సెలవు మీద ఎలా వెళ్లాడు? వెనక్కి పిలిపించండి."

"పురుడు పట్టినవాణ్ణి గుళ్లోకి రమ్మని మీరు రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే పిలుస్తాను" అన్నారు పరాంకుశం గారు.

ఈవో గారు జేబులోంచి కలం తీశారు. గర్భాలయం వైపు ఒకసారి చూశారు. కలం మూత పెట్టి, "అతను సమాచారం విన్నాడా?" అన్నారు.

"విన్నాడండి" అన్నాను తెడ్డు తిప్పుతూ.

"నంబరు ఉందా?"

"మూడు వందల పదకొండండి."

"అయితే సక్రమమే" అన్నారు తేలిగ్గా. మళ్లీ ముఖం ముడుచుకుంది. "కానీ పట్టిక ప్రకారం ఈ రోజు జననాలకు అనుమతి లేదు. సోమవారం ఉంది."

గంగాళంలో పొంగలి కుతకుతమంటూనే ఉంది. ఈవో గారు కళ్లు మూసుకుని ఆలోచించి, భుజంగరావు గారికి చెప్పడం మొదలుపెట్టారు.

"రాసుకోండి. ఈ రోజు పుట్టినది మన పట్టికలోని బిడ్డ కాదు. ఇది ప్రణాళికేతర జననం. దీని నిమిత్తం సౌమ్యనారాయణ సోమవారం వరకు దేవస్థానం వెలుపల విధుల్లో ఉన్నట్టు భావించవలెను. సోమవారం ప్రణాళిక ప్రకారం పుట్టవలసిన బిడ్డకు గాను అతని పదిహేను రోజుల సెలవు యథాతథంగా అమల్లోకి వచ్చును."

"సోమవారం ఇంకో బిడ్డ పుట్టకపోతేనండి?" అన్నారు భుజంగరావు గారు.

"మెమో ఇద్దాం."

"ఎవరికండి?"

"ఎవరు హాజరు కాలేదో వారికి."

ఇద్దరూ సంతృప్తిగా మండపం వైపు వెళ్లిపోయారు. గోడ దగ్గర డోలు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, పొగ కిటికీలోంచి, సన్నగా ఒక ఏడుపు వినిపించింది. ఎవరి బిడ్డో తెలియదు. ఏ బిడ్డైనా ఇప్పుడు ఏడవవచ్చు.

పరాంకుశం గారు గడప లోపలికి వచ్చి గంగాళంలోకి తొంగి చూశారు. నెయ్యి పొయ్యమని చెయ్యి ఊపారు. ఇంతకంటే మంచి సమయం దొరకదని అడిగేశాను.

"స్వామీ, సౌమ్యం పొయ్యి రాజేశాక బిడ్డ పుట్టింది. పుట్టాక కూడా వాడు చాలాసేపు తిప్పాడు. ఇది స్వామికి చెల్లుతుందాండి?"

"వాడికి తెలియదు కదయ్యా. వినలేదు."

"వాడికి తెలియదండి. నా అనుమానం అది కాదు. స్వామికి తెలుసు కదండి. ఆయనకి నంబరు అక్కర్లేదు. అందరికంటే ముందు ఆయనకే తెలిసుంటుంది."

పరాంకుశం గారు పైపంచెతో నుదురు తుడుచుకున్నారు. నేను అడుగుతున్నది ఈ పొంగలి గురించేనా, మరేదైనా గురించా అన్నట్టు నా ముఖంలోకి చూశారు.

"తెలుసు. తెలిసీ ఆకలితో కూర్చునే ఉన్నాడు కదా, వద్దనలేదుగా" అన్నారు. "సరిగ్గా తిప్పు. అడుగంటుతోంది."

తిప్పాను. జీడిపప్పు, ద్రాక్ష వేయించి వేశాను. పచ్చకర్పూరం ఆయనే చిటికెడు వేశారు. భుజాలు పట్టేశాయి. గంగాళం లోపలికి వెళ్లింది, తెర పడింది, గంట మోగింది. గంట మోగుతున్నంతసేపూ నేను మడపల్లి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. తెర తీశాక వెళ్లి చూశాను. స్వామి లేచి వెళ్లిపోలేదు. అక్కడే ఉన్నాడు, పెళ్లిబట్టల్లో, బుగ్గన చుక్కతో.

పొంగలి కొంచెం మాడు వాసన వేసిందని తర్వాత భక్తులు అనుకున్నారట.

మడపల్లికి తిరిగి వచ్చి తెడ్డు కడిగాను. పొయ్యి వెనక గోడకు, వేంగళాచారి గారు తన చేత్తో కొట్టిన మేకు ఇంకా ఉంది. తెడ్డు దానికి తగిలించి, "మీ పూట తీరిపోయిందండి" అని చెప్పి, చొక్కా వేసుకుని, పిల్లను చూడటానికి వీధి దాటాను.